భుజాన పడవ, వీపున మూట: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

గత నెల ఈ పుటల్లో, అమెరికా ఉత్తర సరిహద్దున మిన్నెసోటా రాష్ట్రంలో ఉన్న బౌండరీ వాటర్స్ సరస్సుల అడవిలో మేము ముగ్గురం ఆరు రోజులపాటు తెడ్డు వేసుకుంటూ, నీటిదారి తెగినచోట పడవను భుజాన మోసుకుంటూ చేసిన ప్రయాణం గురించి రాశాను. దానికి వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు గౌతమికీ వసిష్ఠకూ మధ్య ఉన్న ఊళ్ళ నుంచి, వాటి ఇరుగట్ల నుంచి వచ్చినవే. ఏటిగట్టు మీద పెరిగినవాళ్ళు నీటిని ఎప్పుడూ లెక్కకట్టి చూస్తారు. ఈ ప్రశ్నల్లోనూ ఆ లెక్క కనిపించింది. ఒకే విషయం అడిగిన ఉత్తరాలను కలిపి ఇక్కడ జవాబులు ఇస్తున్నాను.

ప్రశ్న: మీరు రాసిన కెనూకూ మన దోనెకూ తేడా ఏమిటి? ఎప్పటికైనా కెనడాలో అలాంటి ప్రయాణం చేయాలని నా కల. ఎక్కడికి వెళ్ళాలి, ఎక్కడ మొదలుపెట్టాలి?
– డిగ్రీ విద్యార్థి, అమలాపురం

జవాబు: బాబూ, కెనూ అంటే స్థూలంగా దోనే. పైన కప్పు లేకుండా తెరిచి ఉంటుంది, రెండు కొసలూ కోసుగా ఉంటాయి, ఒకవైపే రెక్క ఉన్న తెడ్డుతో నడుపుతారు. కయాక్ వేరు, దాని పైభాగం కప్పి ఉంటుంది, నడిపేవాడు కాళ్ళు చాపుకొని లోపల కూర్చుంటాడు, తెడ్డుకు రెండు చివరలా రెక్కలుంటాయి. రూపంలో దగ్గరివైనా మన దోనెకూ కెనూకూ అసలు తేడా బరువులో ఉంది. తాటిమానును తొలిచి చేసిన మన తాటిదోనె తాను దిగిన కాలువలోనో చెరువులోనో ఉండిపోతుంది. దాన్ని ఎత్తుకొని మరో నీటికి తీసుకెళ్ళాలన్న ఆలోచన మనకు రాలేదు, ఎందుకంటే డెల్టాలో ఏ నీరైనా ఎక్కడో ఒకచోట మరో నీటిలో కలుస్తుంది. ఆ సరస్సుల ప్రాంతపు ఆదివాసులైన ఓజిబ్వే ప్రజల దేశం అలాంటిది కాదు. అక్కడ సరస్సులు వందలకొద్దీ పక్కపక్కనే ఉన్నా, మధ్యలో రాతిగట్లూ అడవులూ అడ్డుపడతాయి. అందుకే వాళ్ళు బర్చ్ చెట్టు బెరడును పడవలా మలిచి, చెట్ల వేళ్ళతో కుట్టి, లోపల సన్నని చెక్క బద్దలు బిగించి, అతుకులకు చెట్టుబంక పూసి, మనిషి భుజాన మోయగల పడవను తయారుచేసుకున్నారు.

ఒక సరస్సు నుంచి ఇంకో సరస్సుకు పడవనూ సామానునూ మోసుకుపోయే కాలిబాటను అక్కడివాళ్ళు ఫ్రెంచి మాటతో పోర్టేజ్ అంటారు. దాని పొడవును ఇప్పటికీ రాడ్లలో చెబుతారు. ఒక రాడ్ అంటే 16.5 అడుగులు, దాదాపు ఒక కెనూ పొడవు. 18వ శతాబ్దంలో బొచ్చుతోళ్ళ వ్యాపారానికి పడవలు నడిపిన వాయెజర్లు ఒక్కొక్కటి 90 పౌండ్లు, అంటే సుమారు 41 కిలోలు ఉండే మూటలను రెండేసి చొప్పున వీపున వేసుకొని ఈ బాటలు దాటేవారు. సుపీరియర్ సరస్సు దగ్గరి గ్రాండ్ పోర్టేజ్ అనే బాట ఒక్కటే 8.5 మైళ్ళు, దాదాపు 14 కిలోమీటర్లు ఉంటుంది. మన రేవుల్లో 75 కిలోల ధాన్యం బస్తాను వీపున వేసుకొని సన్నని బల్ల మీదుగా పడవలోకి చేర్చిన కూలీలను చూసినవారికి ఈ లెక్క ఎంత కష్టమైనదో తెలుస్తుంది. కెవ్లార్ అనే తేలికైన గట్టి నారతో చేసే ఇప్పటి కెనూ బరువు సుమారు 20 కిలోలే, అల్యూమినియందైతే 30 కిలోలు దాటుతుంది. అయినా మోత మోతే. కాబట్టి కెనూ ప్రయాణమని పేరేగానీ అందులో సగం వీపున మూటతో నడిచే ప్రయాణమేనని ముందుగా మనసుకు చెప్పుకోండి.

ఎక్కడికన్నది తర్వాతి మాట. మొదటిసారికి ఒంటారియోలోని ఆల్గాంక్విన్ పార్కు మంచిది. 1893లో ఏర్పడిన ఈ పార్కులో 2,000 కిలోమీటర్లకు పైగా కెనూ దారులున్నాయి, ఎంత కావాలంటే అంతే ఎంచుకోవచ్చు. మేము వెళ్ళిన బౌండరీ వాటర్స్‌లో వెయ్యికి పైగా సరస్సులున్నాయి, చాలావాటిలో మోటారుకు అనుమతి లేదు, సరిహద్దుకు అవతల కెనడావైపు క్వెటికో పార్కు దాన్ని ఆనుకొనే ఉంది. కొంత అనుభవం వచ్చాక బ్రిటిష్ కొలంబియాలోని బౌరాన్ సరస్సుల చుట్టు ఉంది: 116 కిలోమీటర్లు తిరిగి, బయలుదేరిన చోటికే చేరుకుంటారు. యూకాన్ నది మీద వైట్‌హార్స్ నుంచి డాసన్ వరకు 700 కిలోమీటర్లు దాటిన దారిలో చాలావరకు ప్రవాహమే పడవను తీసుకెళ్తుంది, మోత ఉండదు, కానీ చేరువలో ఊళ్ళూ దాదాపు ఉండవు. అందరూ కలగనే నహన్నీ నది, నయాగరాకు దాదాపు రెండింతల ఎత్తున్న వర్జీనియా జలపాతం దాని మీదే ఉంది, చివరికి ఉంచుకోవలసినది. నీటి మీద దిగే చిన్న విమానంలో వెళ్ళి, లోయల్లో వడినీటిని దాటే నేర్పు ఉన్నవాళ్ళతోనే అక్కడ దిగాలి.

మొదలుపెట్టవలసింది మీ ఊరి కాలువలోనే. కాలువలు కట్టేయని నెలల్లో, నీరు నెమ్మదిగా పారే చోట, తెలిసినవారి చిన్న పడవ అడిగి తీసుకొని, వెనుక కూర్చొని ఒకేవైపు తెడ్డు వేస్తూ పడవను తిన్నగా నడపడం నేర్చుకోండి. తెడ్డును వెనక్కు లాగిన తర్వాత చివర్లో మణికట్టు తిప్పి నీటిని కొద్దిగా బయటికి నెట్టాలి. కెనూ నడిపేవాళ్ళు నేర్చే మొదటి విద్య ఇదే. లాకుల దగ్గరికీ, తూముల దగ్గరికీ, నీరు గేటు కింద నుంచి దూకే ఏ కట్టడం దగ్గరికీ పడవను వెళ్ళనివ్వకండి. పైకి నిదానంగా కనిపించే నీరే అక్కడ మనిషిని కిందికి లాగుతుంది.

ప్రశ్న: మా అబ్బాయి మిన్నియాపోలిస్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. వచ్చే వేసవిలో మేము వెళ్ళినప్పుడు మీరు రాసిన అడవికే నాలుగు రోజులు తీసుకెళ్తానంటున్నాడు. నాకు 57 ఏళ్ళు. ఈత రాదు, మోకాళ్ళు కొద్దిగా నొప్పి. వెళ్ళవచ్చునా?
– గృహిణి, రాజోలు దగ్గరి పల్లె

జవాబు: వెళ్ళవచ్చునమ్మా. అయితే కొన్ని సంగతులు మీ అబ్బాయితో ముందే మాట్లాడుకోవాలి.

మొదటిది నీటి చల్లదనం. ఆ సరస్సుల మీద మంచు ఏప్రిల్ చివరికిగానీ, కొన్నేళ్ళు మే మొదటికిగానీ కరగదు. మే నెలలో ఆ నీటిలో పడితే ఒక్కసారిగా ఊపిరి ఎగబీల్చుకుపోతుంది, కొద్ది నిమిషాల్లోనే వేళ్ళు పట్టు తప్పుతాయి. గోదావరిని ఈది దాటినవాడికైనా అంతే. అందుచేత ఈత రాదన్న బెంగకంటే లైఫ్ జాకెట్ సంగతి ముఖ్యం. పడవలో కూర్చున్నంతసేపూ దాన్ని ఒంటికి బిగించుకొనే ఉండాలి, పక్కన పెట్టుకుంటే ఉపయోగం లేదు. అయినా మీరు మన ఊరి చెరువులో మొలలోతు నీటిలో జాకెట్ తొడుక్కొని, ఎవరైనా పక్కన ఉండగా, వెల్లకిలా తేలడం నాలుగైదుసార్లు అలవాటు చేసుకొని వెళ్ళండి. నీరు తనను మోస్తుందన్న నమ్మకం ఒంటికి ముందుగా కలిగితే పడవలో బిగుసుకుపోకుండా కూర్చోగలుగుతారు; పడవలు తిరగబడే కారణాల్లో భయంతో అంచు పట్టుకొని లేవడం ఒకటి.

రెండవది కాలం. మే చివరి నుంచి జూన్ వరకు సన్నని నల్ల ఈగలు, జూన్ జులైల్లో దోమలు దండుగా ఉంటాయి. ఆగస్టు రెండవ సగం, సెప్టెంబరు మొదటి రోజులు నాకు బాగా నచ్చిన కాలం. మీ ప్రయాణం జూన్‌లోనే కుదిరేట్టయితే తలను మొత్తం కప్పే వలటోపీ తప్పనిసరి. మే 1 నుంచి సెప్టెంబరు 30 వరకు రాత్రి బస చేసేవారికి అనుమతి పత్రాలు పరిమితంగా ఇస్తారు. ఒక్కో ప్రవేశం దగ్గర రోజుకు ఇన్నే జట్లని లెక్క ఉంటుంది, జట్టుకు 9 మందికీ 4 పడవలకూ మించకూడదు. జనవరి చివర్లోనే ఆ పత్రాల నమోదు మొదలవుతుంది కాబట్టి మీ అబ్బాయిని సంక్రాంతి వెళ్ళగానే గుర్తుపెట్టుకోమనండి.

మూడవది మోకాళ్ళు. సామానును ఒకేసారి మోయలేక రెండు విడతలుగా మోసేవాళ్ళు, ఒకసారి వెళ్ళి, ఖాళీగా తిరిగివచ్చి, మళ్ళీ వెళ్ళాలి కనుక, ఒక కిలోమీటరు పోర్టేజ్‌లో మూడు కిలోమీటర్లు నడుస్తారు. రాళ్ళూ, వేళ్ళూ, బురదా ఉన్న బాటలో ఇది చిన్న శ్రమ కాదు. అందుకని రోజుకొక చోటు మారే ప్రయాణం మీకు వద్దు. ఒకటో రెండో చిన్న మోతలు మాత్రమే ఉన్న సరస్సును ఎంచుకొని, అక్కడ ఒకేచోట గుడారం వేసి, నాలుగు రోజులూ అక్కడి నుంచే ఖాళీ పడవలో పొద్దున్నే తిరిగి రండి. మధ్యాహ్నానికి గాలి లేచి పెద్ద సరస్సుల్లో అలలు పెరుగుతాయి, మన సముద్రపు పాయల్లో లాగానే. ఉత్తర హెగ్‌మన్ సరస్సు ఒడ్డున రాతిగోడ మీద పూర్వ నివాసులు ఎర్రరంగుతో వేసిన బొమ్మలున్నాయి; పడవలో కూర్చొని, చేత్తో తాకకుండా చూసే ఆ కొద్దిసేపటి కోసం ఎంత దూరమైనా వెళ్ళవచ్చునని నా అభిప్రాయం.

ఆడవాళ్ళు ఉత్తరంలో రాయడానికి మొహమాటపడే విషయం ఒకటుంది, నేనే చెబుతాను. నిర్ణయించిన ప్రతి బసలోనూ వంటకు ఇనుప జల్లెడ ఉన్న పొయ్యి, అడవిలోపలికి కొంత దూరాన గోడలూ కప్పూ లేని మరుగుదొడ్డి పెట్టె ఉంటాయి. ఒక బసకు ఒక జట్టే కనుక పరాయివాళ్ళ కంట పడే అవకాశం తక్కువ. స్నానానికి సబ్బు వాడితే, అది ఎంత సాధువైన సబ్బైనా సరే, నీటిని గిన్నెతో ఒడ్డుకు 200 అడుగుల దూరం తీసుకెళ్ళి అక్కడ చేయాలి. ఎలుగుబంట్లు ఉన్నాయి, తినే వస్తువులను ఎలుగు తెరవలేని గట్టి డబ్బాలోనైనా పెట్టాలి, చెట్టుకు ఎత్తుగానైనా వేలాడదీయాలి. గుడారంలో ఒక్క జీడిపప్పు పలుకైనా ఉంచకూడదు. చాలాచోట్ల ఫోను పనిచేయదు, కాబట్టి ఉపగ్రహం ద్వారా కబురు పంపే పరికరాన్ని అద్దెకు తీసుకోమనండి, మీ మందులు రెండు చోట్ల పెట్టుకోండి.

పొద్దుగూకే వేళ లూన్ అనే నీటిపక్షి అరుస్తుంది. మొదటిసారి విన్నప్పుడు ఎవరో దూరాన ఏడుస్తున్నారేమో అనిపిస్తుంది. భయపడకుండా మీ అబ్బాయి పక్కన కూర్చొని వినండి.

ప్రశ్న: మేమిద్దరం శాకాహారులం. ఐదు రోజుల కెనూ ప్రయాణానికి మన తిండి సరిపోతుందా? పచ్చళ్ళు తీసుకెళ్ళవచ్చునా?
– దంపతులు, తణుకు

జవాబు: మూట మోసే మనిషికి రోజుకు 700 నుంచి 900 గ్రాముల పొడి ఆహారం కావాలన్నది అక్కడి అనుభవజ్ఞుల లెక్క, మన వంటింట్లో దానికి కొరత లేదు. పులిహోర మొదటి రెండు పూటలకు నిలుస్తుంది. ఆ తర్వాత అటుకులు, పేలపిండి, బెల్లం, వేరుశనగలు, సున్నుండలు, కందిపొడి, పాలపొడి ఉంటే ఇంధనం ఖర్చు లేకుండా సగం పూటలు గడుస్తాయి. వేడి భోజనానికి కందిపప్పు వద్దు, ఉడకడానికి గ్యాసంతా తాగేస్తుంది. బియ్యంలో పెసరపప్పు కలిపి పులగం వండుకోండి, బరువూ తగ్గుతుంది. బౌండరీ వాటర్స్‌లోకి గాజు సీసాలూ రేకు డబ్బాలూ తీసుకెళ్ళడం నిషేధం కనుక ఆవకాయైనా మాగాయైనా మందపాటి ప్లాస్టిక్ డబ్బాలోకి మార్చుకోవాలి. నూనె కారితే మూటంతా వాసన పట్టి ఎలుగుకు పిలుపు అవుతుంది, కాబట్టి నా సలహా పచ్చడికంటే పొడులే. గ్యాసు డబ్బాలు విమానంలో రానివ్వరు, అక్కడే కొనుక్కోవాలి. సరస్సు నీరు అద్దంలా ఉన్నా వడపోయకుండా గానీ, తెర్లేలా కాచకుండా గానీ తాగకండి. జియార్డియా అనే క్రిమి వల్ల వచ్చే విరేచనాలు ఇంటికి వచ్చాక కూడా వారాలపాటు వదలవు.

ప్రశ్న: మా మిత్రులం నలుగురం రెండు చిన్న పడవలు తెప్పించుకున్నాం. కోరంగి మడ అడవుల్లోకి వెళ్ళి ఒక రాత్రి అక్కడే గుడారం వేసుకోవాలని ఉంది. మీ సలహా?
– అధ్యాపకుడు, కాకినాడ

జవాబు: రాత్రి గుడారం ఆలోచన మానుకోండి. కోరంగి 1978 నుంచి అభయారణ్యం. 235 చదరపు కిలోమీటర్ల ఆ ప్రాంతంలోకి అటవీ శాఖ అనుమతితోనే వెళ్ళాలి, సొంతంగా బస చేయడం, నిప్పు వేయడం తగదు. పైగా పోటు వచ్చినప్పుడు పొడిగా మిగిలే నేల అక్కడ చాలా తక్కువ. అనుమతి తీసుకొని, ఆ పాయల్లో పుట్టి పెరిగిన ఒక మత్స్యకారుణ్ణి ముందు పడవలో కూర్చోబెట్టుకొని, పగటి ప్రయాణం చేయండి. అది కూడా జీవితాంతం గుర్తుండేదే.

అక్కడ గడియారం పోటూ పాటే. ఒక పోటు నుంచి పాటుకు సుమారు ఆరుగంటల పైచిలుకు పడుతుంది, ఆ వేళలు రోజుకు దాదాపు 50 నిమిషాలు ఆలస్యమవుతాయి. అమావాస్యకూ పౌర్ణమికీ నీటి ఎగుడుదిగుడు ఎక్కువగా ఉంటుంది, అష్టమి దాటిన ఒకటి రెండు రోజులకు మందగిస్తుంది. కొత్తవాళ్ళు పంచాంగం తీసి అష్టమి చుట్టూ ఉన్న రోజులనే ఎంచుకోవాలి. పాటు చివరి దశలో, పెద్దపాయలోనే ఉంటూ, నీటితోపాటు సముద్రంవైపు కొంతదూరం సాగి, పోటు తిరగగానే దానితో వెనక్కి రావడం క్షేమమైన పద్ధతి. పోటునీటి మీద ఎంత సన్నని పాయలోకి వెళ్ళినా నీరు ఇంకా పెరుగుతూనే ఉంటుంది, పాటు మొదలవకముందే బయటికి వచ్చేస్తే ఇరుక్కునే భయం ఉండదు.

ఇది నేను తప్పుచేసి నేర్చుకున్న సంగతి. కొన్నేళ్ళ కిందట మేమిద్దరం ఎవరినీ అడగకుండా, పాటు మొదలైన గంటకు ఒక చిన్న పాయలోకి వెళ్ళాం. రెండు గంటలు తిరిగేసరికి పడవ కింద నీరు జారిపోయి ఒండ్రు మీద కూర్చుంది. దిగి తోయబోతే కాలు తొడదాకా దిగబడింది. మళ్ళీ పోటు వచ్చి పడవ కదిలేదాకా ఐదారు గంటలు, రెండు సీసాల మంచినీళ్ళతో, ఎండలో కూర్చున్నాం. ఇద్దరం పెద్దగా మాట్లాడుకోలేదు. ఆరోజు నా మిత్రుడికి వడదెబ్బ తగలకపోవడం అదృష్టమని ఇప్పటికీ అనుకుంటాను. అప్పటి నుంచి మనిషికి నాలుగు లీటర్ల నీరు, ఒక గొడుగు లేకుండా నేను మడలోకి వెళ్ళలేదు.

మడచెట్ల చుట్టూ మేకుల్లా పైకి లేచి ఉండేవి వాటి శ్వాసవేళ్ళు. వాటి మీద నడవకూడదు, పడవను వాటిలోకి తోయకూడదు. తిల్ల చెట్టు కొమ్మ విరిగితే కారే పాలు కంట్లో పడితే ప్రమాదం, కాబట్టి దారికి అడ్డం వచ్చిన కొమ్మలను చేత్తో విరవకండి. బావురుపిల్లి రాత్రి తిరిగే జంతువు, అది కనబడుతుందని ఆశపడవద్దు, ఒండ్రు మీద దాని అడుగులు చూపించమని మీ సరంగును అడగండి. నీటికుక్కలు మాత్రం పొద్దున్నే గుంపుగా కనిపించవచ్చు. కాకినాడకు ఎదురుగా ఉన్న హోప్ ఐలాండ్ దీవి దాకా వెళ్ళాలన్న కోరిక చిన్న పడవలవారికి వద్దు. మధ్యాహ్నం సముద్రపు గాలి లేచాక మధ్యనున్న అఖాతం దాటడం కెనూకు తగని పని. ఆ ఇసుకతీరానికి శీతాకాలం చివర్లో ఆలివ్ రిడ్లే తాబేళ్ళు గుడ్లు పెట్టడానికి వస్తాయి, వాటి చీకటిని వాటికి వదిలేయాలి. కాలం విషయంలో డిసెంబరు సగం నుంచి ఫిబ్రవరి చివరిదాకా మంచిది. అక్టోబరు, నవంబరు నెలలు తుపానులవి; 1839 నవంబరులో కోరంగి రేవును ముంచిన ఉప్పెన, 1996 నవంబరు 6న కోనసీమ కొబ్బరిని నేలకూల్చిన తుపాను ఆ నెలల్లోనే వచ్చాయి.

ప్రశ్న: ఆగస్టులో గోదావరి నిండుగా ఉన్నప్పుడు గాలి నింపే పడవల్లో పాపికొండలు వెళ్ళాలనుకుంటున్నాం. ఐదుగురం ఈతగాళ్ళమే.
– యువకులు, రావులపాలెం

జవాబు: వెళ్ళకండి. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక ఇస్తారు, అప్పుడు సముద్రంలోకి వదిలే నీరు సెకనుకు 10 లక్షల ఘనపుటడుగులు. జులై నుంచి సెప్టెంబరు దాకా ఆ స్థాయి ఎప్పుడైనా రావచ్చు. కొండల మధ్య ఇరుకైన చోట ఆ నీరు సుడులు తిరుగుతుంది, చెట్లు దుంగలై కొట్టుకువస్తాయి, మీ ఈత అక్కడ ఎందుకూ పనికిరాదు. 2019 సెప్టెంబరులో కచ్చులూరు దగ్గర వరదలో పెద్ద పర్యాటక బోటే మునిగి పదులకొద్దీ ప్రాణాలు పోయాయి. పైగా ఇప్పుడు పోలవరం కట్టడాలు ఏటికి అడ్డంగా ఉన్నాయి, పాపికొండలు జాతీయ ఉద్యానం.

మీ ఊరి పక్కనే మీకు తగిన ప్రయాణం ఉంది. జనవరిలో, బ్యారేజి గేట్లు మూసి ఏరు సన్నబడ్డాక, సిద్ధాంతం వంతెన దగ్గర వసిష్ఠలో దిగి, నరసాపురం వైపు రెండు రోజులు నెమ్మదిగా సాగండి. ఇసుకమేటలు అడ్డుపడిన చోట పడవను ఎత్తి మోసుకుపోవాలి, అదే మీ పోర్టేజ్. రాత్రికి లంకలో రైతును అడిగి, ఆయన చూపించిన చోట పడుకోండి. ముందుగా రెండు గట్లమీది మత్స్యకారులకు, పోలీసులకు చెప్పి బయలుదేరండి. కింది భాగంలో పోటుపాట్లు తగులుతాయి, పంటులూ మరబోట్లూ తిరుగుతాయి, కాబట్టి చీకటి పడ్డాక నీటి మీద ఉండకండి. ఆ రెండు రోజులూ మీ ఐదుగురిలో ఎవరు అలిసిపోయినప్పుడు చిరాకుపడతారో, ఎవరు మాట్లాడకుండా మూట ఎత్తుకుంటారో తెలుస్తుంది; పెద్ద ప్రయాణానికి ఎవరితో వెళ్ళాలో అప్పుడు నిర్ణయించుకోవచ్చు.

ప్రశ్న: నాకు నీటికంటే కొండలంటే ఇష్టం. జాన్ మ్యూర్ ట్రెయిల్ నడవాలని కోరిక. కొండే లేని పాలకొల్లులో ఉండి ఎలా సిద్ధపడాలి?
– సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని, పాలకొల్లు

జవాబు: అమ్మా, కాలిఫోర్నియాలోని ఆ బాట 211 మైళ్ళు, అంటే సుమారు 340 కిలోమీటర్లు, దాని దక్షిణపు కొస 14,505 అడుగుల విట్నీ శిఖరం. అమెరికా పడమటి కొండల వెంట సాగే 2,650 మైళ్ళ పసిఫిక్ క్రెస్ట్ ట్రెయిల్‌తో పోలిస్తే చిన్నదే గానీ, సముద్రమట్టానికి నాలుగైదు మీటర్ల ఎత్తున బతికే మనకు గాలి పలచబడడమే అక్కడ మొదటి పరీక్ష. దానికి ఇక్కడ సాధన లేదు, అక్కడికి వెళ్ళాక మొదటి మూడు నాలుగు రోజులు తక్కువ దూరం నడిచి ఒంటిని అలవాటు చేయడమే మార్గం. అనుమతి పత్రాలకు పోటీ ఎక్కువ, చీటీల పద్ధతిలో ఇస్తారు కనుక ఏడాది ముందే చూసుకోండి.

కాళ్ళ సంగతి మాత్రం ఇక్కడే తేల్చుకోవచ్చు. ఏటిగట్టు మీద మొదటి నెల వీపున 5 కిలోలతో, ఆపై నెలకు రెండు మూడు కిలోలు పెంచుతూ, వారానికి ఒకరోజు పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా నడవండి. మీ బరువులో అయిదో వంతు దాటి మోయవద్దు. సంచిలో బియ్యం పోసుకుంటే బరువు లెక్క సులభం, రాళ్ళలా వీపున గుచ్చుకోవు. బరువు భుజాల మీదకంటే నడుము పట్టీ మీద నిలవాలి. సంచి కొనేముందు దుకాణంలోనే బరువు వేయించి అరగంట తిరిగి చూడండి. ఎక్కడం ఊపిరిని పరీక్షిస్తుంది, దిగడం మోకాళ్ళను పరీక్షిస్తుంది. అన్నవరం రత్నగిరి మెట్లు సంచితో ఎక్కి, అంతకంటే ముఖ్యంగా సంచితోనే నిదానంగా దిగి, మళ్ళీ ఎక్కండి. ఆ తర్వాత శీతాకాలంలో, స్థానికుల తోడుతో, అటవీ శాఖ అనుమతించిన బాటల్లో మారేడుమిల్లి వైపు కొండలు నడవండి.

ప్రశ్న: ఒంటరిగా వెళ్ళాలని ఉంది. తప్పా?
– పాఠకుడు, యానాం

జవాబు: తప్పు కాదు, తొందర. కనీసం మూడు ప్రయాణాలు జట్టుతో చేసి, తిరగబడిన పడవను నడినీటిలో మళ్ళీ ఎక్కడం వచ్చాక, ఏ దారిన వెళ్తున్నారో, ఏ రోజుకు రాకపోతే వెతకాలో ఇంట్లో కాగితం మీద రాసిచ్చి వెళ్ళండి.

ప్రశ్న: విదేశీ కెనూ ధర చూసి ఆగిపోయాం. మా ఊరి పడవ వడ్రంగి చేత చేయించుకోవచ్చునా?
– అన్నదమ్ములు, నరసాపురం

జవాబు: తప్పకుండా చేయించుకోండి, ఈ ఉత్తరం నాకు చాలా ఇష్టమైంది. ఇద్దరికి 16 అడుగుల పొడవు, మధ్యలో 3 అడుగుల కంటే కొంచెం తక్కువ వెడల్పు సరిపోతాయి. నీటికి తట్టుకునే పలుచని ప్లైవుడ్ పలకలను కుట్టి, అతుకుల మీద ఫైబర్ గుడ్డ వేసి ఎపాక్సీ అనే జిగురు పూసే పద్ధతి ఉంది. అది వడ్రంగికి కొత్తదైనా ఒక రోజులో పట్టుబడుతుంది. ఆయనకు మీరు గట్టిగా చెప్పవలసిన మాట ఒక్కటే, పూర్తయిన పడవ 30 కిలోలు దాటకూడదు. సముద్రానికి పడవలు చేసిన చేతికి బలం కోసం మందం పెంచాలనే అనిపిస్తుంది, కనుక పలకలు కోసే ముందే వాటిని తూకం వేయించండి. మధ్యలో అడ్డంగా భుజాల మీద ఆనేలా కాడిలాంటి చెక్క ఒకటి, మెడకు వంపు తీసి, పెట్టించుకోండి. మోతంతా దాని మీదే. ముందు కొసలో, వెనుక కొసలో గాలి చొరబడని అరలు రెండు ఉండాలి. మొదటిరోజు రేవులో మొలలోతున నిలబడి, పడవను కావాలనే నీటితో నింపి ముంచండి. రెండు కొసలూ పైకి తేలి నిలిస్తే, నీళ్ళు తోడేసి, జాకెట్లు బిగించుకొని అప్పుడు ఎక్కండి.